బెదరని బాతు ముఖం

తిరిగే కాలూ, తిట్టే నోరూ ఊరుకోవంటారు. మా ఇంట్లో కాలు మా బావది, నోరు నాది. అందుకే ఆయన కథ నేనే చెప్పాలి. ఇంకెవరి చేతిలోనైనా పెడితే మంచివాడు, బాతుల పిచ్చోడు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మంచివాడే, కాదనను. కానీ ఆ మంచివాడి వెంట మా అక్క పడ్డ పాట్లు, నేను ఉరికిన ఉరుకులు ఎవరు చెబుతారు?

మా బావ పేరు నాగయ్య. చెన్నూరు పక్కన పెద్ద చెరువున్న ఒక ఊళ్లో బెస్తవారి ఇంట పుట్టాడు. ఈడొచ్చాక, హైదరాబాదు నుంచి బాతుల వేటకొచ్చే ఒక జాగీర్దారు దగ్గర కెమెరా పెట్టె మోసే పని దొరికింది. మోస్తూ మోస్తూ ఫోటో తీయడం నేర్చాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగాక జాగీర్దారు రాకడ ఆగిపోయింది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన తన మడత కెమెరాను బావ చేతిలో పెట్టి, ఇక నాకు బాతులెక్కడివి, నువ్వే ఉంచుకో అన్నాడట. బావ దాన్ని పట్టుకుని బెల్లంపల్లి వచ్చి, బొగ్గుబాయికి పోయే తోవలో ఒక మడిగె తీసుకుని ఫోటోల దుకాణం పెట్టాడు. నేను ఆ బాయిలోనే పని చేసేవాణ్ణి. నా పేరు ఇస్తారి. మా అక్క పోశవ్వ ఆయన భార్య.

దుకాణంలో గోడకు ఒక పరదా వేలాడేది. దాని మీద నీలం చెరువు, తామరపూలు, తెల్లటి హంసలు. ఆ రోజుల్లో బెల్లంపల్లిలో ఫోటో దిగిన ప్రతివాడూ ఆ హంసల ముందే కూర్చున్నాడు. చెవుల వెనక బొగ్గుమసి ఇంకా పోని మనుషులు, వాళ్ల భుజాల మీదుగా తొంగిచూసే హంసలు. బావ నల్లగుడ్డలో తల దూర్చి, కదలకుండ్రి, కదలకుండ్రి అని ఒకటే పాట. ఊరందరినీ కదలొద్దనే ఆ మనిషి తాను మాత్రం ఒక్కచోట నిలిచింది లేదు. కాలుగాలిన పిల్లి నయం. అన్నం తింటూ లేచేవాడు, మాట వింటూ లేచేవాడు. మా అక్క ఆయనకు కంచం పెట్టి గడపకు అడ్డంగా కూర్చునేది.

చలికాలం వచ్చిందంటే మరీ అన్యాయం. అప్పుడు ఉత్తరం నుంచి గీతల బాతులు దిగుతాయి. కోడికి రెండింతలుండే బూడిద రంగు బాతులు, తెల్లటి నెత్తిమీద రెండు నల్లగీతలు. గోదావరి ఇసుకల మీదా, మా దిక్కు చెరువుల్లోనూ చలికాలమంతా ఉండి, కాముని పున్నమికి ముందే లేచిపోతాయి. ఒకసారి కొత్తగా కొలువు దొరికినవాడొకడు అడిగి తెచ్చుకున్న కోటు తొడుక్కుని హంసల ముందు కూర్చున్నాడు. బావ నల్లగుడ్డలో ఉన్నాడు. మడిగె మీదుగా గీతల బాతులు కూత పెడుతూ పోయాయి. అంతే, బావ మడత కెమెరా అందుకుని వెనక తలుపులోంచి మాయమయ్యాడు. నేను పని దిగి వచ్చేసరికి కోటు మనిషి ఇంకా ఊపిరి బిగబట్టుకుని కూర్చునే ఉన్నాడు. గుడ్డ కింద మనిషి లేడని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

అంత ఉరికి తెచ్చిన ఫోటోల్లో ఏముండేదని అడగండి. ఆకాశంలో చుక్కలు. నీళ్ల మీద తుంపర. రెక్కో తోకో తెలియని ఒక మరక. ఈయన నీళ్లంచుకు పోవడం, అవి లేవడం. కూర్చున్న బాతు ఆయన కెమెరాలో ఒక్కటీ పడలేదు. ఒకటి రెండు ఫోటోలు ఊరికి పట్టుకుపోయి వాళ్ల బాపుకు చూపిస్తే, ఆయన కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి, ఉప్పు ఒలికినట్టున్నది గదరా అన్నాడు.

వాళ్ల బాపు మొండయ్య మామ సంగతి చెప్పాలి. మా దిక్కున చెరువు వేటలో ఆయనంతటివాడు లేడు. తుపాకీ లేదు, వల లేదు, కుండతోనే వేట. ముందు కొన్ని వట్టి కుండలు బోర్లించి చెరువులోకి వదిలేవాడు. అవి గాలికి అటూ ఇటూ తేలుతుంటే బాతులు మొదట దూరం జరుగుతాయి, తర్వాత వాటి మధ్యనే ఈదుతాయి. అట్లా మాలిమి అయ్యాక, మామ ఒక బాన తలకు బోర్లించుకుని మెడలోతు నీళ్లలోకి దిగేవాడు. పైకి తేలే కుండ ఒక్కటే కనిపిస్తుంది. కాలివేళ్లు బురదలో జార్చుకుంటూ, అల లేవకుండా బాతుల నడుమకు పోయి, నీళ్ల కింద నుంచి కాళ్లు పట్టి గుంజేవాడు. పక్క బాతుకు కూడా తెలిసేది కాదు.

బాన అంచు నీళ్లను తాకుతూ ఉంటుంది కాబట్టి లోపలి నుంచి ఆయనకు అంచు కింద నీళ్లు, నీళ్లలో ఆడే కాళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకే బాతులన్నిటినీ ఆయన కాళ్లతోనే గుర్తుపట్టేవాడు. నల్లకాళ్లు జక్కవవి, పసుపు కాళ్లు గీతల బాతువి. ఒకసారి బెల్లంపల్లి వచ్చి మా బావ పరదాను దగ్గరగా చూసి, గీటికి కాళ్లేవి అని అడిగాడు. బొమ్మ వేసినవాడు హంసల కాళ్లను నీళ్లలో దాచేశాడు. మామ ఇక ఆ పరదా దిక్కు చూడలేదు. కొడుకు ఎంత బతిమాలినా దాని ముందు కూర్చోనూ లేదు. నా మొఖం నీకు తెల్వదా, పటమెందుకని అనేవాడు.

బానకు రెండు కన్నాలు పెట్టుకుంటే ఎదురుగా చూడొచ్చు గదా అని నేనొకసారి నోరు జారాను. మా అక్క ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. మాలో చిల్లికుండ అంటే ఒక్కటే కుండ. తండ్రి పోయినప్పుడు కొడుకు నీళ్ల కుండ ఎత్తుకుని కాష్టం చుట్టూ తిరుగుతాడు. తిరిగిన చుట్టుకొక చిల్లి పెడతారు. చివరికి దాన్ని వెనక్కి పడేసి, తిరిగి చూడకుండా వచ్చేస్తాడు. తండ్రి బతికుండగా కొడుకు చిల్లికుండ ఎత్తాడంటే తండ్రిని బతికుండగానే కాటికి పంపినట్టు. అటువంటి కుండను ఇంటి ఛాయలకు ఎవరూ రానివ్వరు.

ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు మామ కండ్లకు మసకలు కమ్మాయి. పొర అనుకుని, చలి మొదలవుతుండగా కరీంనగరం తీసుకుపోయాం. డాక్టరు చూసి, పొరైతే తీసేవాణ్ణి, ఇది లోపలి నరం, ఇంకో చలికాలం దాకా చూపు ఆగదు అన్నాడు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడికంటికి దగ్గరలోది ఇంకా కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామ కిటికీ దిక్కు కూర్చున్నాడు. సగం తోవ వచ్చాక కొడుకుతో అన్నాడు.

"ఎన్ని కాళ్లు పట్టిన్నో లెక్క లేదురా. ఒక్కదాని మొఖం సూడలే. పట్టంగనే నీళ్లల్లకు గుంజుడు, మెడ తిప్పుడు. బయటికి తెచ్చేసరికి అది సచ్చిన మొఖమే. బతికున్న మొఖం, బెదరకుంట సూసే మొఖం, కన్ను పోకముందు ఒక్కసారి సూడాలె."

బావ అక్కడికక్కడే మాటిచ్చాడు. దగ్గర నుంచి ఫోటో తీసి పెద్దగా చేయించి తెస్తాను, నీ కంటికి ఆనించి చూద్దువు అని. మాటిచ్చేటప్పుడు కూడా రెండు సార్లు సీట్లోంచి లేచాడు. ఈయన ఉప్పు ఫోటోలు నాకు తెలుసు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, సరే. ఈ చేతులతోనా?

ఆ చలికాలమంతా మా అక్క ఇల్లు ఇల్లు కాదు. దుకాణం సగం రోజులు మూతే. అక్క మామను చూసుకోవడానికి ఊళ్లోనే ఉండిపోయింది. బావ బెల్లంపల్లికీ ఊరికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తుంగలో దాక్కుని చూశాడు, దగ్గు ఆగలేదు. చెరువులో కుండలు వదిలి, బాన తలకు బోర్లించుకుని దిగి, దగ్గరికి పోయాక అంచు పైకెత్తి కెమెరా పెట్టాడు. బాన లేచీ లేవకముందే చెరువంతా లేచిపోయింది. ఆయనకు నీళ్లలో నడవడం వాళ్ల బాపు చిన్నప్పుడు నేర్పబోయాడు, ఈయన నిలిస్తే కదా. ఆయన నడిస్తే చెరువుకు అలలొస్తాయి. రోజులు పోతున్నాయి, మామ కంటికి దూరాలు తగ్గుతున్నాయి. మొదట గోడ మీది బల్లి కనిపించేది, తర్వాత గోడ ఒక్కటే కనిపించేది. బావ ఏ పూటకాపూట వాళ్ల బాపు ముందు వేళ్లు ఆడించి, ఎన్ని అని అడిగేవాడు. మామ విసుక్కునేవాడు.

ఇక మిగిలింది చిల్లి. కెమెరా అద్దానికి ఎదురుగా బానలో ఒక కన్నం ఉంటే అంచు ఎత్తే పని లేదు. బావ కుమ్మరి కొమురెల్లి దగ్గరికి పోయి, రూపాయి బిళ్లంత కన్నంతో ఒక బాన చేసిపెట్టమన్నాడు. కొమురెల్లి సారె ఆపేసి, మొండయ్య బాగున్నాడా అని అడిగాడు. బాగున్నాడని తెలిశాక మెల్లగా చెప్పాడు. చావుకుండ కూడా నా చేతిదే, గానీ సారె మీద చిల్లికుండ నేను చేయ, మీ నాయిన బతికుండంగ అసలే చేయ అన్నాడు. మంచి బాన ఒకటి మాత్రం ఇచ్చాడు.

ఒకనాడు నేను దుకాణానికి పోతే హంసల పరదా వెనక నుంచి గరగర చప్పుడు. ఎత్తి చూస్తే బావ ఒళ్లో బాన, చేతిలో ఇనుపమొల. రుద్ది రుద్ది కన్నం చేసేశాడు. నా నోటికి పని పడింది. తండ్రి కన్ను కోసం తండ్రి ప్రాణం మీదికి తెస్తావా, అక్కకు తెలిస్తే ఉరేసుకుంటుంది, నీకు కుదురు లేకపోతే లేకపాయె, బుద్ధి కూడా లేదా అని ఇల్లెగిరిపోయేట్టు తిట్టాను. ఆయన అన్నీ విని, మరి నువ్వు చెప్పు ఇస్తారీ, ఇంకేం చేయాలె అన్నాడు. అడిగి, సమాధానం కోసం నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నిజంగా నిలబడ్డాడు, కదలకుండా. ఆయన అట్లా నిలబడడం నేను అప్పటిదాకా చూడలేదు. చివరికి ఆ బానను గోనెసంచిలో కట్టి ఊరి బస్సెక్కించి, వెంట పోయింది కూడా నేనే.

మరునాడు పొద్దున్నే బావ దానితో చెరువులోకి దిగాడు. సగం దూరం పోకముందే అలలు లేచాయి, బాతులు లేచాయి. బావ కెమెరా విప్పుకుని, బానను తుంగలో దాచి ఒడ్డెక్కి, తలపట్టుకుని ఎటో పోయాడు. గాలికి బాన తుంగలోంచి జారి రేవుకు కొట్టుకొచ్చింది. అక్కడ బట్టలు ఉతుకుతున్న ఐలవ్వ అనే ముసలమ్మ చిల్లి చూసి, ఎవలో పోయిండ్రో అని ఏడుపు అందుకుంది. ఊళ్లో ఎవరూ పోలేదని తెలిసేసరికి రేవు నిండా జనం. కుండ ఎవరిది, ఎవరి కోసం, చెరువు మైలపడ్డది, ఏమేమి అన్నారో చెప్పలేను. అంతలో మా అక్క చేయి పట్టుకుని మొండయ్య మామ వచ్చాడు. ఆయన వంగి, బానను ఒళ్లోకి తీసుకుని వేళ్లతో తడిమాడు. కన్నం దగ్గర వేలు ఆగింది. లోపల చెయ్యి పెట్టి చూశాడు. కెమెరా కట్టే తీగ తగిలింది. బావ అప్పుడే గుంపును తోసుకుంటూ వచ్చి ఎదురుగా పడ్డాడు.

"ఎవల కోసం పెట్టినవ్‌రా కొడుకా గీ చిల్లి?" అన్నాడు మామ.

బావ బాన అందుకోబోయాడు, మామ వదల్లేదు. అంత వాగే నేను, దాన్ని కట్టి తెచ్చిన గోనెసంచిని కాలితో వెనక్కి నెట్టుకున్నాను.

ఆ పూట మామ అన్నం ముట్టలేదు. కులపెద్దలు వచ్చి చెరువు శుద్ధి చేయాలి, ఆ బాన పగలగొట్టాలి అన్నారు. మామ పెద్దలను కూర్చోమన్నాడు, బానను మాత్రం ఇవ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. బావ వాకిట్లో అటూ ఇటూ, ఇటూ అటూ. మా అక్క మామకు నీళ్లిస్తుంది, తిరిగి వచ్చి మొగుణ్ణి చూస్తుంది, ఎవరినీ ఏమీ అనలేక పొయ్యి ముందు కూలబడుతుంది. ఆ రోజు ఆ ఇంట్లో ఉండడం కంటే గాలి ఆడని బాయిలో ఉండడం మేలనిపించింది నాకు.

పొద్దు వాలుతుండగా మామ పెద్దలను చూసి అన్నాడు. చిల్లికుండ కొడుకు ఎత్తితే దోషం. నా బాపు పోయి ఎన్నో ఏండ్లాయె, ఆయన కోసం ఎత్తవలసింది నేను ఎత్తనే ఎత్తిన. నేను నెత్తిన పెట్టుకుంటే ఎవల పాణానికి దోషం? పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లెక్క సరిగానే ఉందనుకుంటూ లేచారు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ నీకెందుకు తట్టలేదు మామా అని నేను ఉండబట్టలేక అడిగాను. అప్పుడు కాళ్లు దొరికితే చాలు గదరా, మొఖంతోని ఏం పని అన్నాడాయన.

మరునాడు ఎండ బాగా కాసేదాకా ఆగాం. మధ్యాహ్నం బాతులు మేత ముగించి నీళ్ల మీద కునుకుతుంటాయి. మా అక్క మామ ఒంటికి ఆముదం రాసింది. బావ బానలో కెమెరాను తీగతో కట్టి, దారం ఎక్కడుందో వాళ్ల బాపు వేలికి చూపించాడు. ఇది గుంజితే పటం పడ్తది, ఒక్కసారి గుంజితే చాలు అని పదిసార్లు చెప్పాడు. మామ బాన తలకు పెట్టుకున్నాడు. ఆ ముసలాయన నీళ్లలోకి దిగుతుంటే నీటికి తెలియలేదు. మేం ముగ్గురం తుంగ చాటున కూర్చున్నాం.

బాన మిగతా కుండల్లో కలిసిపోయింది. కాసేపటికి ఏది మామదో మాకే తెలియలేదు. గాలికి కుండలన్నీ ఇటు వస్తుంటే ఒకటి మాత్రం అటు పోతోంది, అదే అని అక్క చూపించింది. అది పోయి పోయి గీతల బాతుల గుంపు నడుమ ఆగింది. ఆగిన బాన ఆగినట్టే ఉంది. ఎంతకీ కదలదు. నీళ్లు మంచులా ఉన్నాయి. మామకు ఒంట్లో ఏముందని. బావ మోకాళ్ల మీద లేచాడు. కూర్చోబెట్టాం. మళ్లీ లేచాడు. బాపు మునిగిండు, బానొక్కటే తేలుతున్నది అంటూ అంగీ విప్పబోయాడు. నాకూ అట్లాగే అనిపించింది. కుండ కింద మనిషి ఉన్నాడో లేడో దేవుడికే తెలియాలి. అప్పుడు మా అక్క ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు దిగితే అవి లేస్తయ్. అవి లేస్తే ఆయన సూపు పాయె. కూసో," అంది.

బావ కూర్చున్నాడు. గడ్డి పెరికి పెరికి, ఆ పెరకడం కూడా ఆపి కూర్చున్నాడు. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టానో అన్నీ గుర్తొచ్చాయి. మొగుణ్ణి దిగనివ్వని మా అక్క ధైర్యానికి మాత్రం నాకు భయమేసింది. తప్పు జరిగితే ఆ ఊరూ ఆ మొగుడూ ఆమెను బతకనిస్తారా?

బాన కదిలింది. ఎట్లా పోయిందో అట్లాగే, ఒక్క బాతునూ లేపకుండా, ఒడ్డుకొచ్చింది. మామ తుంగలోకి రాగానే అందరం పడి పైకి లాగాం. పెదవులు నల్లబడ్డాయి, దవడలు కొట్టుకుంటున్నాయి, ముఖం నిండా నవ్వు. బావ ఆయన్ని దుప్పట్లో చుట్టీ చుట్టకముందే బాన తిప్పి చూశాడు. కన్నం దగ్గర కెమెరా లేదు. తీగ విప్పి ఉంది. కెమెరా మామ మెడకు దారంతో వేలాడుతూ నీళ్లు కారుతోంది. మడతలన్నీ నాని బురద పట్టింది. అడ్డమున్నది గదరా, తీసేసిన అన్నాడు మామ. చిల్లికి తన కన్ను ఆనించుకుని ఉన్నాడు అంతసేపూ.

జాగీర్దారు ఇచ్చిన కెమెరా, బావకు ప్రాణంతో సమానం. ఆయన దాన్ని గడ్డి మీద పక్కన పెట్టేశాడు. వాళ్ల బాపు ముందు చతికిలబడి, కనబడ్డదా అని మాత్రం అడిగాడు.

"కనబడ్డది. నన్నే సూసింది. బెదర్లే. ఎట్ల సూసిందంటవా? మన పోశవ్వ అన్నం వడ్డించుకుంట సూడదా, ఇంకింత పెట్టాల్నా అన్నట్టు, గట్ల సూసింది."

మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. నవ్విందో ఏడ్చిందో నేను వెనక పోయి చూడలేదు.

వానలు పడేసరికి మామకు కుడికన్నూ పోయింది. ఆ తర్వాత ఆయన బతికిన రోజులన్నీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ ముఖం చెప్పేవాడు. కన్ను చుట్టూ అంచు, ముక్కు మీద రెండు చుక్కలంత తూట్లు, గీతల నడుమ తెల్లదనం. కొడుకును చెరువుకు తీసుకుపోయి, మణికట్టు పట్టుకుని బురదలో నడిపించేవాడు. నీళ్లను నూకకు, నీళ్లే తీస్కపోతయ్ అని గొణిగేవాడు. గుడ్డివాడు కళ్లున్నవాణ్ణి నడిపిస్తున్నాడని ఊరు నవ్వింది, ఆ నవ్వులో నేనూ ఉన్నాను. బావ ఒడ్డెక్కాక మళ్లీ పాత బావే. దుకాణంలో మనుషులను కూర్చోబెట్టి పోయేవాడు, కంచం ముందు నుంచి లేచేవాడు. నీళ్లలో మాత్రం ఏడాదికేడాది అలలు తగ్గాయి.

మామ ఒక ఎండాకాలంలో పోయాడు. కొమురెల్లి ఇచ్చిన కుండ ఎత్తుకుని బావ కాష్టం చుట్టూ తిరిగాడు. చిల్లుల నుంచి నీళ్లు భుజం మీద కారుతుంటే, కాలివేళ్లు నేలకు రాస్తూ, చెరువులో నడిచినట్టే నడిచాడు. కుండ వెనక్కి పడేసి తిరిగి చూడకుండా వచ్చాడు. చూడకుండా ఉండడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు.

ఆ చలికాలం, మామ పగలగొట్టనివ్వకుండా అటక మీద దాచిన చిల్లిబాన దిగింది. ఇప్పుడు బావ నెత్తిన పెట్టుకుంటే వద్దనే దోషం లేదు, వద్దనే తండ్రీ లేడు. దుకాణంలోకి కొన్న ఇంకో కెమెరా అందులో కట్టుకుని దిగాడు. అక్కా నేనూ తుంగలో కూర్చున్నాం. బాన గుంపు నడుమకు పోయి ఆగింది, ఒక్క బాతూ లేవలేదు. ఆయన చాలాసేపటికి తిరిగొచ్చాడు.

తర్వాతి పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుంటుంటే నేను వెళ్లాను. అందరి ఇళ్లలో పోయిన తండ్రి పటానికి బొట్టుపెట్టి ముందు విస్తరి వేస్తారు. ఆ ఇంట్లో బొట్టుపెట్టిన పటంలో బాతుంది. పటం నిండా ముఖమే. నెత్తిన రెండు గీతలు, సూటిగా మనిషిని చూసే కన్ను. చుట్టాల్లో ఒకాయన, ఊరందరి పటాలు తీసినోడివి, నీ బాపు పటం ఒక్కటి లేదా నాగయ్యా అని వెక్కిరించాడు. ఇంకో రోజైతే ఆ మాట నేనే అనేవాణ్ణి.

"బాపు మొఖం మాకు యాదికున్నది. గిది ఆయన సూసిన మొఖం," అన్నాడు బావ.

మా అక్క విస్తరిలో అన్నం వడ్డించింది. పప్పు పోసింది. తర్వాత గరిటె చేతిలో పట్టుకుని, పటం ముందు వంగి, ఇంకింత పెట్టాల్నా అన్నట్టు చూసింది. నేను ఆమె ముఖం చూశాను, పటంలో ముఖం చూశాను. మామ ఆ రోజు తుంగలో వణుకుతూ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు.